బెత్తెడు మెట్టు

ఆబిడ్స్‌లో మా దర్జీ నా పంట్లాములకు జేబులు కుట్టడం దాదాపు మానేశాడు. కుట్టడం లేదని అనలేను. రెండు పక్కలా చీలికలు ఉంటాయి, లోపల గుడ్డ కూడా ఉంటుంది. చెయ్యి పెడితే మాత్రం వేళ్ల రెండో కణుపు దగ్గర ఆగిపోతుంది. అడిగితే, "గిప్పుడు గిదే ఫ్యాషన్ సార్. జేబుల చేతులు వెట్టుకుంటే కోటు లేస్తది" అంటాడు. నాకు కోటు లేదు. ఉన్న రెండు చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్నదే ప్రస్తుతం నా సమస్య.

పోయిన వారం ఈ విషయం మీద మూడోసారి పోట్లాడి, మూడోసారి ఓడిపోయి బయటికి వచ్చేసరికి ఎదురు హోటల్లో యాదగిరి కనిపించాడు. ఆరేళ్ల కిందట నేను గుమాస్తాగా పనిచేసిన చోట అతను డ్రైవరు. ఇప్పుడు సిటీ బస్సు నడుపుతున్నాడు. నన్ను చూసి పలకరింపు కూడా లేకుండా, "సార్, మిస్త్రి పోయిండు" అన్నాడు.

"ఏ మిస్త్రి?" అన్నాను.

ఏ మిస్త్రో నాకు తెలుసు. కాస్త వ్యవధి కావాల్సి వచ్చి అడిగానంతే. ఆ సంగతి యాదగిరికీ తెలుసు కనుక చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకున్నాడు.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, కట్టెల అడితికి ఆనుకుని ఆయన రేకుల షెడ్డు ఉండేది. ఆయనకు పేరు ఉండే ఉంటుంది. గల్లీలో ఎవరూ ఆ పేరుతో పిలవగా వినలేదు కనుక నేనూ రాయను. నల్లగొండ దిక్కు పల్లెలో నాగళ్లకు కర్రులు సాగదీసిన కమ్మరి. పట్నం వచ్చాక మోటారు బండ్ల తుప్పు మీద బతికాడు. మనిషి పొట్టి, చేతులు మాత్రం ఇంకెవరో పొడుగాటి మనిషికి ఉండవలసినవి.

బండి వచ్చిందంటే చిన్న సుత్తి ఒకటి తీసుకుని, తల పక్కకు వంచి, చెవి ఇనుముకు ఆనించినంత దగ్గరగా పెట్టి, టకటకా కొట్టుకుంటూ పోయేవాడు. మంచి ఇనుము మోగుతుంది. తుప్పు తిన్న ఇనుము దగ్గుతుంది. దగ్గిన చోటల్లా సుద్దముక్కతో ఒక గీత. మా నాన్న మెదక్‌లో మిషన్ బడి పంతులు. పిల్లల కాపీ పుస్తకాల్లో తప్పుల కింద ఆయన గీత గీసినప్పుడు ముఖంలో ఎంత బాధ ఉండేదో, ఇనుము మీద గీసేటప్పుడు మిస్త్రి ముఖంలోనూ అంతే ఉండేది. "జంగు ఒక్కనాడు పట్టది సారూ. మనం సూడని దినాలల్ల పడ్తది" అనేవాడు. జంగు అంటే తుప్పే. ఆ మాట ఎవరి బండి గురించి అంటున్నాడో ఒక్కోసారి నాకు అనుమానం వచ్చేది.

కొలత టేపు ఒకటి మేకుకు వేలాడుతుండేది. అది గిరాకీల గౌరవార్థం. కొలిచేది మాత్రం చేత్తోనే. వేళ్లన్నీ చాపితే జానెడు, నాలుగు వేళ్లు దగ్గరగా పెడితే బెత్తెడు. ఆ రెండు కొలతలతో హైదరాబాదులో సగం బండ్లు తిరిగాయి.

సుద్ద గీతలు అయ్యాక, పనికి ఒప్పుకునే ముందు, ఒక ప్రశ్న తప్పకుండా అడిగేవాడు.

"యాడికి పోతది బండి?"

అఫ్జల్‌గంజ్ అంటే ఒక తలూపు, ఖైరతాబాద్ అంటే ఒక తలూపు. జిల్లాలకు అంటే తల ఊగేది కాదు. అందరూ దాన్ని మాట కలపడం అనుకునేవాళ్లు. నేనూ అనుకున్నాను. బి.ఏ. చదివినవాణ్ని కదా, అందరి కన్నా కొంచెం ఎక్కువ అనుకున్నాను.

ఇంకో అలవాటు ఉండేది. గోడకు వీపు ఆనించి, ముఖం రోడ్డు వైపు పెట్టి పనిచేసేవాడు. గల్లీ చివర లారీ చప్పుడు వినిపిస్తే సుత్తి ఆగిపోయేది. లారీ దాటేదాకా దాని పక్కల్లోకే చూసేవాడు, పెదవులు కదిలేవి. లెక్కపెడుతున్నాడని నాకు చాలా రోజులకు గాని తెలియలేదు. పక్కలకు వేలాడుతూ ఎంతమంది నిలబడ్డారో లెక్క. ఎవరూ లేకపోతే సుత్తి మళ్లీ మొదలయ్యేది. గల్లీలో ఆడవాళ్లకు ఇది ఎంత అలవాటైందంటే, సుత్తి ఆగగానే వాకిట్లో పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు.

నన్ను బాగా చూసుకునేవాడు. నేను వస్తున్నానంటే లేచి, రేకు స్టూలును తుండుగుడ్డతో తుడిచి, "కూసో సారూ" అనేవాడు. తాను మాత్రం నా ముందు ఎప్పుడూ కూర్చోలేదు. సామాను చుట్టి వచ్చిన పాత పేపర్లు దాచిపెట్టి, "మా దిక్కు గురించి ఏమన్న రాసిన్రా, జర సూడు" అని చదివించుకునేవాడు. నా హాస్యానికి మా ఆఫీసులో ఎవరూ నవ్వేవాళ్లు కాదు. మిస్త్రి నవ్వేవాడు. చెప్పిన ప్రతిదానికీ నవ్వేవాడు, ఒక్కోసారి నేను హాస్యమాడకముందే నవ్వేవాడు. అది నా ప్రతిభ అని అప్పట్లో గట్టి నమ్మకం.

ఇక ఆయన ఊరేగింపు. బండికి పక్క మెట్లు కొత్తవి వేసినప్పుడల్లా ఒక మెట్టు మీద తాను, రెండో మెట్టు మీద బండి తాలూకు మనిషి నిలబడి, నాంపల్లి స్టేషన్ ముందు నుంచి ఆబిడ్స్ దాకా వెళ్లి తిరిగి రావాలి. అది జరిగితే గాని బండి అప్పగించేవాడు కాదు. "నీ బరువు నువ్వే మోసి సూసుకోవాలె" అనేవాడు. ఒకసారి బట్టల దుకాణం యజమాని ఒకాయనను, దాదాపు మూడు బస్తాల మనిషిని, అలా వేలాడదీసి ఆబిడ్స్ అంతా తిప్పాడు. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని దేవుళ్లందరినీ వరసగా పిలుస్తున్నాడు. మెట్టు చెక్కుచెదరలేదు.

మా పికప్పు సంగతికి వస్తాను. యుద్ధం సామాను వేలంలో మా సేఠ్ కొన్న బండి అది. ఎన్ని యుద్ధాలు చూసిందో తెలియదు. ఒకరోజు ఆఫీసు ముందు యాదగిరి ఎక్కబోతే అతని కుడికాలు మోకాలి దాకా మెట్టులోంచి కిందికి దిగిపోయింది. మిగతా యాదగిరి పైనే ఉండిపోయాడు. కాలు బయటికి లాగాక చూస్తే మెట్టు ఇనుము కాదు, ఇనుము రంగు వేసుకున్న అప్పడం.

సరిగ్గా అప్పుడే సేఠ్‌కు జిల్లాల్లోని పోలీసు క్యాంపులకు సామాను చేరవేసే కాంట్రాక్టు వచ్చింది. పల్లెల్లో కమ్యూనిస్టుల కోసం గాలింపులు జరుగుతున్న రోజులు. బండిలో బియ్యమూ పోతుంది, అవసరమైతే మనుషులూ పోతారు. నేను పికప్పును మిస్త్రి దగ్గరికి తోలించాను. సుత్తి కొట్టాడు. అంతా దగ్గే.

"అయిపాయె సారూ. బతికున్నది ఒక్క బోల్టు గూడ లేదు. యాడికి పోతది బండి?"

"నల్లగొండ దిక్కే, క్యాంపులకు" అన్నాను, మీ ఊరి మీదుగానే పోతుంది, ఏమైనా కబురుంటే పంపించు అన్నంత ఉదారంగా.

మూడు రోజుల్లో పని చేసి ఇచ్చాడు. ఊరేగింపు లేదన్నాడు. ఎందుకో ఆఫీసుకు వచ్చాక తెలిసింది. మెట్టు వెడల్పు బెత్తెడు.

సేఠ్ దాని చుట్టూ తిరిగి, "బి.ఏ. సాబ్, ఇది మెట్టా? దీని మీద పిట్ట గూడ ఒంటికాలు మీద నిలబడాలె" అన్నాడు. బండిని తనిఖీ చేయడానికి క్యాంపుల తరఫున వచ్చిన పోలీసు జమేదారు మాత్రం హాస్యమాడలేదు. బూటు మెట్టు మీద పెట్టాడు. ముందు భాగం పట్టింది, మడమ గాలిలో ఉంది. "పక్కకు ముగ్గురు నిలబడాలని రాశాం కదా. ఇది ఎవరు చేయించారు?" అన్నాడు. సేఠ్ నా వైపు వేలు చూపించాడు. అంత వేగంగా సేఠ్ ఏ పనీ చేయగా నేను చూడలేదు. జమేదారు జేబులోంచి నోటుబుక్కు తీసి నా పేరు అడిగాడు, నాన్న పేరు అడిగాడు, ఊరు అడిగాడు. రాసుకున్నాడు. "శుక్రవారం మళ్లీ వస్తా" అన్నాడు.

నోటుబుక్కులో పేరు పడటం ఆ రోజుల్లో ఏమిటో అప్పుడు బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తరవాతి వాళ్లకు చెప్పినా అర్థం కాదు. నా పక్క వీధిలో ట్యూషన్లు చెప్పుకునే ఒకాయన పేరు అలాగే ఒక నోటుబుక్కులో పడింది. ఆయన ట్యూషన్లకు ఏడు నెలలు సెలవు వచ్చింది. ఆ మధ్యాహ్నం నుంచి ఎవరైనా వెనకనుంచి "ఏమండీ" అంటే చొక్కా వీపుకు అంటుకుపోయేది.

యాదగిరే అసలు సంగతి చెప్పాడు. ఆఫీసు మెట్ల కిందికి తీసుకెళ్లి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"మిస్త్రి తప్పు గాదు సార్. కావాల్నని చేసిండు. ఆయనకు అన్న ఉన్నడు ఊర్ల."

"ఉంటే?"

"కుంటోడు. మొన్న గడబిడ దినాలల్ల మనుషులను పట్టుకపోయే లారీ వచ్చిందని ఎండిన బాయిల దుంకిండు. కాలు ఇరిగింది. పట్నం రమ్మంటే ఎడ్లను ఇడిసిపెట్టి రానంటడు. ఇంటికీ జొన్నచేనుకూ నడుమ జర దూరం ఉన్నది. కుంటుకుంట పోవాలె గద."

"దానికీ మెట్టుకూ ఏం సంబంధం?"

యాదగిరి నన్ను జాలిగా చూశాడు. "మెట్టు ఎడల్పు ఉంటే రెండు దిక్కుల నిలబడి వస్తరు సార్. బండి ఆగకముందే దుంకుతరు. మెట్టు లేదనుకో, లోపల కూసొని రావాలె, బండి ఆగాలె, ఎనక తలుపు తియ్యాలె, ఒక్కొక్కడు దిగాలె. గంతసేపు చాలు. ఆయన జొన్నల్ల వడ్తడు. నేను చెప్పిన్నని అనకు."

ఒక కుంటివాడు తన ఇంటి నుంచి జొన్నచేనులోకి చేరడానికి పట్టే కాలాన్ని మిస్త్రి ఇనుములో కొలిచి బిగించాడు. జానెడులో బెత్తెడు పోగా మిగిలినంత. ఏ బండి ఏ ఊరు పోతుందో తెలియదు కనుక, జిల్లాలకు పోయే ప్రతి బండికీ బిగించాడు. నాకు ఇది పూర్తిగా అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు ఎప్పుడూ లేదు.

మర్నాడు పొద్దున పికప్పును మళ్లీ నాంపల్లి తీసుకుపోయాను. మేము కొనిచ్చిన ఇనుప రేకులో మిగిలింది ఆయన షెడ్డులోనే ఉంది. ఇనుము పర్మిట్టు మీద దొరికే రోజులు, ఇంకోచోటికి ఎలా పోతాం అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రేకును రిక్షాలో వేసుకుని ఇంకో పది షెడ్లకు పోవచ్చు. భయపడ్డ మనిషి దగ్గరి దారే పోతాడు. బయలుదేరేటప్పుడు జమేదారు బియ్యం లెక్కల పని మీద వచ్చి ఆఫీసులోనే ఉన్నాడు. స్టేషన్ వైపే కదా, నన్నూ దింపేయండి అన్నాడు. దారంతా నేను ఆయనకూ యాదగిరికీ మధ్య నలిగి కూర్చున్నాను. ఆయన గల్లీ మొదట్లో దిగి, నా భుజం తట్టి వెళ్లిపోయాడు. షెడ్డులో సుత్తి ఆగింది.

మిస్త్రి స్టూలు తుడిచాడు.

"కాంట్రాక్టు పోయింది మిస్త్రీ" అన్నాను. "బండి ఇక ఇక్కడే. కాచిగూడ నుంచి మార్కెట్టుకు ఉల్లిగడ్డలు. హమాలీలు పక్కల నిలబడాలి కదా. మెట్టు జానెడు చెయ్యాలి."

ఆయన నా ముఖం చూడలేదు. నా చెప్పులు చూశాడు. "ఉల్లిగడ్డలకా సారూ?"

"ఔ. పోలీసులు బియ్యం వద్దన్నారు. ఉల్లిగడ్డలైతే మాకే ఏడుపొస్తుంది, మీరే పెట్టుకోండి అన్నారు."

ఆయన నవ్వాడు.

రెండు రోజులు పనిచేశాడు. నేను అక్కడే కూర్చున్నాను. సేఠ్ కూర్చోమన్నాడు. మిస్త్రి నన్ను పేపరు చదవమని అడగలేదు. కొలిమిలో ఇనుము ఎర్రబడ్డప్పుడు జానెడు చాపి కొలిచాడు, మళ్లీ కొలిచాడు. అంతవరకు దేన్నీ ఆయన రెండుసార్లు కొలవగా చూడలేదు. చూస్తూ కూర్చున్న నాకు ఒక్కటే భయం, ఈ మనిషి సుత్తి కింద పెట్టి 'చెయ్య' అంటాడేమోనని. అంటే శుక్రవారం నా గతి ఏమిటి? ఆ రెండు రోజుల్లో ఆయన అన్న కాలు నాకు గుర్తు రాలేదని అనను. గుర్తొచ్చిన ప్రతిసారీ నోటుబుక్కు దాన్ని పక్కకు నెట్టింది.

గురువారం సాయంత్రానికి మెట్లు బిగించాడు. నున్నగా, వెడల్పుగా, ముగ్గురు కాదు నలుగురు నిలబడేటట్టు. ఊరేగింపు లేకుండా పోదామనుకున్నాను. ఆయన అప్పటికే అవతలి మెట్టు ఎక్కాడు. నేను ఇవతలిది ఎక్కాను. యాదగిరి బండి తీశాడు.

స్టేషన్ ముందు ఒక ఎనిమిది మంది దాకా కూర్చుని ఉన్నారు. పల్లె జనం. గోనె మూటలు, ఒక కోడి, చంటిపిల్లను ఒళ్లో పెట్టుకున్న ఆడమనిషి. పని వెతుక్కుంటూ రైలు దిగినవాళ్లయి ఉంటారు. మా బండి మలుపు తిరిగింది. రెండు పక్కలా ఇద్దరు మనుషులు నిలబడి ఉన్న బండి.

వాళ్లు అరవలేదు. అరిచినా బాగుండేది. అందరికన్నా ముసలివాడు లేచాడు, అంతే, మూటలు అక్కడే వదిలేసి అందరూ గోడవైపు పరిగెత్తారు. ఆడమనిషి పిల్లను కింద పెట్టి, పిల్ల మీద పడుకుంది. కోడి ఒక్కటే మా వైపు చూస్తూ నిలబడింది. నేను పొట్టి చేతుల చొక్కా వేసుకుని, జేబులో ఫౌంటెన్ పెన్నుతో, చలికాలంలో చెమటలు కక్కుతూ వేలాడుతున్నాను. ప్రపంచంలో నన్ను చూసి పరిగెత్తినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు. మా వీధి కుక్క కూడా నన్ను చూసి లేచేది కాదు.

బండి దాటిపోయింది. ఎవరూ వాళ్లకు ఏమీ చెప్పలేదు. ఆబిడ్స్ దాకా వెళ్లి వచ్చేటప్పుడు చూస్తే మూటలు ఉన్నాయి, మనుషులు లేరు.

షెడ్డు ముందు మిస్త్రి దిగాడు. మెట్ల కిందికి దూరి, ప్రతి బోల్టునూ ఇంకోసారి బిగించాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, చాలా నెమ్మదిగా, "సారూ, ఉల్లిగడ్డలకే గద?" అన్నాడు.

ఆ ప్రశ్నలో తలుపు కాస్త తెరిచి పెట్టాడు. నాకు కనిపించింది. యాదగిరి స్టీరింగు వైపు తల తిప్పుకున్నాడు.

"ఔ మిస్త్రీ, ఉల్లిగడ్డలకే" అన్నాను.

శుక్రవారం జమేదారు బూటు మెట్టు మీద పూర్తిగా పట్టింది. నోటుబుక్కు తీసి నా పేరు మీద అడ్డంగా ఒక గీత కొట్టి నాకు చూపించాడు కూడా. ఆ రాత్రి సుఖంగా నిద్రపట్టింది. దాన్ని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

నెల తిరక్కముందే యాదగిరి ట్రిప్పు నుంచి వచ్చి, నా టేబులు పక్కన నిలబడి, "దొరికిండు సార్" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. ఊరంతా చేలల్లో పడిందట. జొన్నచేనుకు ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగా, బండి ఆగకముందే దూకినవాళ్లు మిస్త్రి అన్నను పట్టుకున్నారట. దొరికినవాడే కావలసినవాడు అన్నది ఆ రోజుల పద్ధతి. క్యాంపులో ఎన్నాళ్లు ఉంచారో యాదగిరి చెప్పబోయాడు. నాకు అర్జంటుగా ఒక ఫైలు వెతకాల్సిన పని పడింది.

ఆ తరవాత నేను నాంపల్లి గల్లీలోకి పోలేదు. స్టేషనుకు పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేవాణ్ని. రైళ్లు రెండు తప్పిపోయాయి కూడా. అప్పట్లో నా భయం ఒక్కటే. మిస్త్రికి నిజం తెలిసి ఉంటుందేమో, ఎదురుపడితే అడుగుతాడేమో. తెలియకూడదని చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని అడిగాను. ఇలాంటివి అడగడానికి కూడా చర్చికే పోతాం.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక, ఆరేళ్లలో మొదటిసారి ఆ గల్లీలోకి పోయాను. కొలిమి చల్లగా ఉంది. షెడ్డు మూల గోనెపట్టా మీద ఒక ముసలాయన కూర్చుని బోల్టులు వేరు చేస్తున్నాడు. రెండు కాళ్లూ ఒకే పక్కకు మడతపడి ఉన్నాయి. ఒకటి మాత్రమే కదా విరిగింది అనుకున్నాను. తరవాత, అవును, మధ్యలో క్యాంపు ఉంది కదా అనుకున్నాను. నా తెల్ల చొక్కా చూసి ఆయన చేతులు నేలకు ఆనించి లేవబోయాడు.

"కూసో బావా, ఏం లేదు" అంటూ లోపలి నుంచి మిస్త్రి భార్య వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. కొంగుతో స్టూలు తుడిచింది. నేను కూర్చోలేదు.

"మూడు దినాలు జరం వచ్చింది. నాలుగో దినం లేడు" అంది, నేను అడగకముందే. చేటలో బియ్యం పోసుకుని గడప మీద కూర్చుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

ఆరేళ్లుగా తయారుచేసుకున్న వాక్యాలు నా దగ్గర చాలా ఉన్నాయి. చక్కటి వాక్యాలు, ఒకటి రెండింటిలో చమత్కారం కూడా ఉంది. అవేవీ బయటికి రాలేదు.

"పెద్దమ్మా, ఆ బండి ఉల్లిగడ్డలకు కాదు. నేను అబద్ధం చెప్పాను. పాపం మిస్త్రికి తెలియదు, నన్ను నమ్మి చేసిచ్చాడు."

ఆమె ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరేసింది. చేటలోంచి తల ఎత్తలేదు.

"నమ్మిండని నీకెవరు చెప్పిన్రు సారూ? నీకు భయపడి చేసిచ్చిండు."